నాలుగో మాట

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక తండా బడిలో నేను టీచర్‌ని. 2025 బతుకమ్మ సెలవులకు కొన్ని రోజుల ముందు, మధ్యాహ్నం అన్నాలు అయ్యాక పిల్లలు పళ్లేలు కడుగుతున్నారు. ఐదో తరగతి అమ్మాయి ఒకతె నా పక్కకు వచ్చి నిలబడి, "టీచర్, మీరు కోయోల్లంట గదా?" అంది. అవునన్నాను. "మరి మమ్ముల లిస్టుల నుంచి తీసెయ్యాల్నని మీరు గూడ అంటున్రా?" అని అడిగింది.

ఆ రోజుల్లో టీవీలో అదే వార్త. లంబాడీలను ఎస్టీ జాబితా నుంచి తొలగించాలన్న పిటిషన్ మీద ఆగస్టులో సుప్రీంకోర్టు నోటీసులు ఇచ్చింది. ఆ తర్వాత అటు గూడేల వాళ్లు, ఇటు తండాల వాళ్లు ర్యాలీలు తీశారు. పిల్ల ఇంట్లో విన్నదే అడిగింది. నాకు జవాబు తట్టలేదు. "బెల్లు టైమైంది, క్లాసుకు పో" అన్నాను. ఆ జవాబు బాకీ ఇప్పటికీ నా మీద ఉంది. ఈ వ్యాసం ఆ బాకీ కోసమే.

నేను ములుగు వైపు కోయ గూడెంలో పుట్టి, హాస్టళ్లలో చదివి, డి.ఎడ్. చేసి, డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. నా చుట్టాల్లో చాలామంది ఆ ర్యాలీలకు పోయారు. నా బడి పిల్లల తల్లిదండ్రులు ఎదుటి ర్యాలీకి పోయారు. రెండు వైపులా ఏం మాట్లాడుతున్నారో నేను ఇంట్లోనూ బడిలోనూ వింటున్నాను. రెండు చోట్లా వినపడని మాట ఒకటుంది. దాని గురించే నా విమర్శ. ఈ విమర్శ ముందుగా మన రాతల మీద, అందులోనూ మొదట నా రాత మీద.

2017 చివర్లో ఆదిలాబాద్ ఏజెన్సీలో గొడవలు జరిగినప్పుడు నేనూ ఒక కవిత రాశాను. ఒక సభలో చదివితే చప్పట్లు బాగానే పడ్డాయి. మొన్న ఆ కాగితం తీసి మళ్లీ చదివాను. అందులో 'వలస' అన్న మాట ఆరుసార్లు ఉంది. 'రక్తం' నాలుగుసార్లు, 'అడవి' లెక్కలేనన్ని సార్లు ఉన్నాయి. 'జీతం' ఒక్కసారి కూడా లేదు, 'కూలి' అసలే లేదు. కానీ ఆ సభకు వచ్చిన యువకుల్లో ఎక్కువమంది డీఎస్సీ కోచింగ్ పిల్లలే. వాళ్ల గుండెల్లో ఉన్నది ఉద్యోగం. నేను వాళ్లకు చదివి వినిపించింది రక్తం.

ఈ తప్పు నా ఒక్కదానిదే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. మన సంకలనాలు, మన కరపత్రాలు, మన ఉపన్యాసాలు తిరగేయండి. కుమ్రం భీం మనకు ఇచ్చిన మూడు మాటలు జల్, జంగల్, జమీన్. 1940లో ఆయన జోడేఘాట్‌లో నేలకొరిగే నాటికి ఆ మూడే బతుకు. నీళ్లు, అడవి, భూమి చేతిలో ఉంటే గోండుకు గానీ కోయకు గానీ ఇంకొకరి జీతంతో పని లేదు. ఆ మూడు మాటలు అప్పటికి సంపూర్ణం. ఇప్పుడు మన పిల్లల బతుకు నాలుగో మాట మీద నడుస్తోంది. ఆ మాట కూలి, లేకపోతే జీతం. పోడు భూమి ఉన్న ఇంట్లో కూడా కొడుకు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగానో, డెలివరీ బాయ్‌గానో, ఆశ్రమ పాఠశాలలో సీఆర్టీగానో ఉన్నాడు. మన సాహిత్యం ఆ మూడు మాటల దగ్గరే ఆగింది. అందుకే ఉద్యోగాల మీద తగువు వచ్చినప్పుడు మాట్లాడటానికి మనకు వేరే భాష దొరకలేదు. జీతం తగువును భూమి భాషలో మాట్లాడాం. పోస్టు పోయిందన్న బాధను 'ఆక్రమణ' అన్నాం. పోటీలో ఉన్నవాణ్ణి 'వలసదారు' అన్నాం. భాష అలా మారగానే ఎదుటివాడు పోటీదారు కాకుండా పోయాడు. శత్రువయ్యాడు.

పత్రికల్లో దీన్ని రాజకీయ ధ్రువీకరణ అని రాస్తారు. జనం రెండు కొసలకు చేరి, నడుమ ఎవరూ మిగలకపోవడం. కానీ మన పిల్లలకు ధ్రువీకరణ అంటే తహసీల్దార్ ఆఫీసులో తీసుకునే కుల ధ్రువీకరణ పత్రం. రెండూ ఒకే మాట కావడం నాకు వింతగా అనిపించదు. ఉద్యోగానికి దారి ఆ పత్రం ఒక్కటే అయినప్పుడు, ఆ పత్రమే మనుషులను రెండు కొసలకు తోస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2025–26కు తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అప్పటి చట్టం హామీ ఇచ్చిన నూరు రోజులూ పని దొరికి, కొలత తగ్గకుండా డబ్బు పడితే ఒక కుటుంబానికి ఏడాదికి 30,700 రూపాయలు. 2020 పీఆర్సీ ప్రకారం కొత్తగా చేరే ఎస్జీటీకి మూల వేతనం నెలకు 31,040 రూపాయలు. డీఏ, ఇంటద్దె భత్యం వేరే. అంటే తండాలో ఒక ఇల్లు నూరు రోజులు మట్టి తవ్వి తెచ్చుకునేదాని కన్నా, ఆ తండాకు కొత్తగా వచ్చిన టీచర్ మొదటి నెల మూల వేతనమే ఎక్కువ. నా జీతం ఎక్కువని నేను అనడం లేదు. పిల్లల చదువు, ఇంటి అప్పు, అమ్మ మందులు అన్నీ అందులోంచే పోవాలి. వాళ్ల కూలి మరీ తక్కువ అంటున్నాను. ఈ రెండింటి మధ్య ఉన్న గోతిలోనే మన తగువు పుట్టింది.

ఆ గోతిలో ఒకప్పుడు కొన్ని మెట్లు ఉండేవి. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు 1934 నుంచి నడిచింది. పెద్ద చదువు లేకపోయినా అందులో పని దొరికితే నెల జీతం, పీఎఫ్, మిల్లు కార్మికుడన్న మర్యాద ఉండేవి. 2002లో అది మూతపడింది. మా వైపు మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. వెదురు, నీలగిరి దానికి పోయేవి. 2014లో ఉత్పత్తి ఆగింది. దాన్ని తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికలో వింటూనే ఉన్నాం. రాష్ట్ర పునర్విభజన చట్టం 2014లో తెలంగాణలో రైలు కోచ్ ఫ్యాక్టరీ గురించి, ఖమ్మం జిల్లా ఉక్కు కర్మాగారం గురించి పరిశీలించాలని రాసింది. కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన 2023 జూలైలో గానీ జరగలేదు. బయ్యారం ఉక్కు ఇప్పటికీ ఉపన్యాసాల్లోనే ఉంది.

పదో తరగతి, ఐటీఐ, ఇంటర్ చదివినవాళ్లు నిలబడే మెట్లు ఇవి. ఇవి పోయాక మిగిలినవి రెండే. పైన సర్కారు కొలువు, లేకపోతే హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కొలువు. కింద పత్తి ఏరడం, మిర్చి ఏరడం, సుతారి కింద ఇటుకలు మోయడం. నడుమ ఉన్నట్టు కనిపించేది ఔట్‌సోర్సింగ్. మన పెద్దలకు ఏజెన్సీ అంటే అడవి ప్రాంతం. మన పిల్లలకు ఏజెన్సీ అంటే జీతంలోంచి కొంత కోసుకుని మిగతాది ఎప్పుడో ఖాతాలో వేసే కంపెనీ. ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీలు రెగ్యులర్ టీచర్ చెప్పే పాఠమే చెబుతారు. అదే పరీక్ష పెడతారు, అదే పేపర్లు దిద్దుతారు. జీతం మాత్రం అదే కాదు. ఇది అక్కడ పనిచేసే కోయ టీచర్‌కూ నిజమే, లంబాడీ టీచర్‌కూ నిజమే.

ఇక పైమెట్టు ఎంత ఇరుకో చూడండి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు రెండున్నర లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఎస్టీ రిజర్వేషన్ 2022 సెప్టెంబర్ 30 జీవోతో ఆరు నుంచి పది శాతానికి పెరిగింది. లెక్క కోసం పది శాతం అనుకుంటే సుమారు 1,100 పోస్టులు, సగటున జిల్లాకు ముప్పై మూడు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఎస్టీలు దాదాపు 32 లక్షలు. అందులో లంబాడీలు సుమారు 20 లక్షలు. ఆ కొద్ది పోస్టుల కోసం అన్నదమ్ములైనా కొట్టుకుంటారు. ఆ కొట్లాట చూసి "వీళ్ల స్వభావమే అంత" అనేవాళ్లు ఆ మెట్ల సంగతి ఎత్తరు.

టీచర్ కుర్చీ కోసం జనం రెండుగా చీలడం ఈ నేల మీద కొత్త కాదు. 1952లో ముల్కీ ఆందోళన మొదలైంది మన వరంగల్‌లోనే. స్థానికులను కాదని బయటివాళ్లను టీచర్లుగా వేస్తున్నారని విద్యార్థులు రోడ్డెక్కారు. సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో పోలీసు కాల్పుల దాకా పోయింది. 1969లో నిప్పు రాజుకున్నది పాల్వంచలో, థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర. ఆ కోపం అబద్ధమని నేను అనను. అన్యాయం నిజంగానే జరిగింది. కానీ ప్రతిసారీ వచ్చిన పరిష్కారం ఒకే తీరుగా ఉంది. 1956 పెద్దమనుషుల ఒప్పందమైనా, 1985 నాటి 610 జీవో అయినా, ఉన్న కుర్చీలు ఎవరికి అన్నదే తేల్చాయి. కుర్చీ దొరకనివాడి కూలి ఎంత అన్న ప్రశ్న ఏ కాగితంలోకీ ఎక్కలేదు. మలిదశ ఉద్యమానికీ మూడే మాటలు: నీళ్లు, నిధులు, నియామకాలు. నియామకాలు అన్నారు గానీ కూలి అనలేదు. రాష్ట్రం వచ్చాక నియామకం దొరికినవాళ్లు కొందరు, దొరకనివాళ్లు ఎందరో. ఆ ఎందరిలోనే మళ్లీ కొత్త గీత పడింది.

ఆ గీత 2017లో బయటపడింది. ఆదివాసీల బాధకు ఆధారం ఉందని నేను ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఆంధ్ర ప్రాంతంలో లంబాడీలు ముందు నుంచే ఎస్టీలు. తెలంగాణ ప్రాంతంలో 1976 చట్టంతో అయ్యారు. మహారాష్ట్రలో విముక్త జాతుల్లో, కర్ణాటకలో ఎస్సీల్లో ఉన్నారు. రోడ్డుకు, బడికి, పట్నానికి దగ్గరగా ఉన్న తండాల నుంచి పిల్లలు ముందుగా చదువుకున్నారు. జోడేఘాట్ చుట్టుపక్కల గూడేల్లో, మా తాడ్వాయి అడవిలో, బడి ఆలస్యంగా వచ్చింది. ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమంటే ముందు ఎవరు చేరతారో తెలిసిందే. గూడెం బడిలో టీచర్‌కు పిల్లల భాష రాదు, పిల్లలకు టీచర్ భాష రాదు. ఈ కష్టం మా గూడెం బడిలో నేను స్వయంగా అనుభవించాను.

ఈ వాదనకు మనవాళ్లందరూ చూపే పుస్తకం హైమన్‌డార్ఫ్ 1982లో భారత గిరిజనుల మీద రాసింది. ఆయన 1940లలో మార్లవాయిలో ఉండి, గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలుపెట్టినవాడు. కాబట్టి ఆ మాటకు బరువు ఉంది. కానీ మనం ఆ పుస్తకాన్ని సగమే చదువుతున్నాం. మహారాష్ట్ర నుంచి బంజారాలు ఆదిలాబాద్‌కు రావడం గురించి ఆయన రాసిన పేజీలు కరపత్రాల్లోకి ఎక్కాయి. షావుకార్లు, మైదానాల నుంచి వచ్చిన రైతులు, కళ్లు మూసుకున్న అధికారులు గోండుల భూమిని ఎలా దాటించారో రాసిన పేజీలు ఎక్కలేదు. సరిహద్దుకు అటు ఒక హోదా, ఇటు ఒక హోదా పెట్టిందెవరన్న ప్రశ్న కూడా ఎక్కలేదు. తేడా ఉన్న చోటికి మనుషులు నడుస్తారు, పల్లానికి నీళ్లు పోయినట్టు. నడిచినవాణ్ణి తిట్టాం. ఆ తేడా పెట్టినవాళ్ల పేరు ఎత్తలేదు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. లంబాడీ టీచర్లు మా బడికి వద్దని ఆదిలాబాద్ గూడేలు అడ్డం నిలిచాయి. మేడారం జాతర కమిటీలో ఎవరు ఉండాలన్న మీద గొడవైంది. హైదరాబాద్‌లో రెండు వైపులా పెద్ద సభలు జరిగాయి. 2019లో ఆదిలాబాద్ లోక్‌సభ స్థానంలో తుడుందెబ్బ నాయకుడు సోయం బాపూరావు బీజేపీ తరఫున గెలిచారు. ఓడినవాళ్లలో టీఆర్ఎస్ నుంచి గోండు నాయకుడు గోడం నగేశ్, కాంగ్రెస్ నుంచి లంబాడీ నాయకుడు రాథోడ్ రమేశ్ ఉన్నారు. 2024లో అదే నగేశ్ అదే స్థానంలో బీజేపీ తరఫున గెలిచారు. బాపూరావు తర్వాత కాంగ్రెస్‌లో చేరారు. నాయకులు గీత దాటి అటూ ఇటూ తిరగగలిగారు. గూడెం, తండా మాత్రం గీసిన గీత దగ్గరే నిలబడి ఉన్నాయి. ఒకే బావి నీళ్లు తాగిన ఊళ్లలో పలకరింపులు తగ్గాయి. ఇన్నేళ్లలో ఏ పార్టీ సభలోనైనా మిర్చి కూలి గురించి, సీఆర్టీ జీతం గురించి ఎంతసేపు మాట్లాడారో గుర్తు చేసుకోండి.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో డేవిడ్ ఆటర్ అనే ఆర్థికవేత్త, మరో ముగ్గురు కలిసి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. చైనా సరుకుల పోటీకి ఫ్యాక్టరీలు దెబ్బతిన్న ప్రాంతాలు ఎలా ఓటు వేశాయో చూశారు. తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న చోట జనం ఒక కొసకు జరిగారు. నల్లవాళ్లు, ఇతర మైనారిటీలు ఎక్కువగా ఉన్న చోట ఎదుటి కొసకు జరిగారు. నడుమ ఉన్న నాయకులు ఓడిపోయారు. దెబ్బ ఒకటే. మూతపడిన గేటు ఒకటే. కానీ ఎవరి గుంపు వాళ్లను ఎటు పిలిస్తే అటు పోయారు. అది చదివినప్పుడు నాకు కమలాపురం గేటు గుర్తొచ్చింది.

మరి ఏం చేయాలి? అందరం కలిసి ఉండాలని చెప్పి చేతులు దులుపుకోను. ఆ మాట సులువు. దానితో గూడెం పిల్లకు పోస్టు రాదు.

మొదటిది, వాటా సంగతి లెక్కతో మాట్లాడాలి, పుట్టుకతో కాదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల్లో వర్గీకరణ చేయవచ్చని తీర్పు ఇచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ దాన్ని మూడు గ్రూపులుగా అమలులోకి తెచ్చింది. ఎస్టీల్లో కూడా ఎవరికి ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో తెగల వారీగా లెక్క బయటపెట్టి, దాని మీద వాటాలు అడగడం న్యాయమని నా అభిప్రాయం. తండా మిత్రులకు ఇది రుచించకపోవచ్చు. జాబితా నుంచే తీసేయాలనడం వేరు. దానితో నేను లేను. అది మా చుట్టాలకు రుచించదు. పొద్దున్నే పిల్లను బడిలో దింపి పత్తి చేనుకు పోయే తండా తల్లికి ఆ పత్రం ఒక్కటే ఆసరా అని నేను రోజూ చూస్తున్నాను.

వాటా లెక్క తీస్తే మనకూ చేదు నిజాలు తెలుస్తాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన మూడో నంబర్ జీవో 2000 జనవరి నుంచి ఇరవై ఏళ్లు నడిచింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అది పెద్ద దెబ్బే. కానీ అది నడిచిన కాలంలో కొలాం, తోటి, చెంచు, కొండరెడ్డి ఇళ్లలో ఎంతమంది టీచర్లయ్యారు? మనలో రోడ్డుకు దగ్గరగా ఉన్నవాళ్లమే ముందు కుర్చీ ఎక్కాం. నేనూ ఎక్కాను. లంబాడీల మీద మనం వేసే ప్రశ్న కొలాం మన మీద వేయగలడు.

రెండోది అంతకన్నా ముఖ్యం. ఎన్ని వాటాలు చేసినా ముప్పై మూడు పోస్టులు ముప్పై మూడే. మిగతా వేలమందికి కావలసింది కింది మెట్టు ఎత్తు పెరగడం. ఒకే పనికి ఒకే జీతం, కూలి రేటు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కోతలు, మూతపడిన ఫ్యాక్టరీ. వీటిలో ఏ ఒక్కటీ కోయదీ కాదు, లంబాడీదీ కాదు. గోతి కొంత పూడితే, పైమెట్టు దొరకనంత మాత్రాన బతుకు పోయినట్టు ఎవరికీ అనిపించదు. అప్పుడు పక్కవాడి పత్రం మీద ఇంత పగ ఉండదు.

మూడోది రాసేవాళ్ల పని. యువ మిత్రులారా, మీ కథలో పాత్ర అడవిలోకి పోయే ముందు, వాడి జేబులో ఎంత ఉందో రాయండి. వాడికి జీతం ఎవరు ఇస్తున్నారు, ఎన్ని నెలలు ఆపారు, వాడి చెల్లికి అదే చేనులో ఎంత తక్కువ ఇచ్చారు, ఇవి రాయండి. భీం మాటలు మూడింటికి నాలుగోది కలిపితే ఆయనకు అవమానం కాదు. నైజాం అధికారులు పోడు మీద వసూలు చేసినప్పుడు ఆయన అడిగింది కూడా కష్టానికి ఫలం ఎవరిదనే.

సెలవుల తర్వాత బడి తెరిచాక నేను ఐదో తరగతికి లెక్కల్లో ఒక ఇంటిపని ఇచ్చాను. మీ ఇంట్లో ఎవరెవరు ఏ పనికి పోతారు, రోజుకు ఎంత వస్తుంది, అడిగి రాసుకురండి అన్నాను. తెల్లారి అందరూ తెచ్చారు. బోర్డు మీద రాశాం. ఒకే చేనుకు పోయినా నాన్నకు ఒక రేటు, అమ్మకు ఇంకో రేటు అని పిల్లలే కనిపెట్టారు. "ఎందుకు టీచర్?" అని ఒకడు అడిగాడు. అప్పుడు ఆ అమ్మాయి లేచి, "మీ ఊర్ల మీ అమ్మకెంత ఇస్తరు టీచర్?" అంది.

మా అమ్మ మిర్చి ఏరడానికి పోయిన రోజుల్లో తెచ్చిన కూలి చెప్పాను. బోర్డు మీద వాళ్ల అమ్మల వరుసలో మా అమ్మ పేరు కూడా రాశాను. సెలవుల ముందు ఆమె అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇప్పటికి ఇంతే. కింద గీత గీసి, కూడిక చేయమన్నాను.